ఫిర్యాదుకు గడప ఏది? – నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా

రైల్వే వారి రికార్డులలో దాని పేరు హైదరాబాదు దక్కన్. ప్రజల నోట మాత్రం అది ఎన్నడూ నాంపల్లి స్టేషనే. 1907లో నిజాం కాలంలో వెలసిన ఈ స్టేషనులో పట్టాలు ఆగిపోతాయి. ముందుకు దారి లేదు, వచ్చిన బండి వచ్చిన దారినే వెనుదిరగాలి. గుల్బర్గా వైపు నుంచి వాడి, తాండూరుల మీదుగా వచ్చే మార్గమూ, బీదరు వైపు నుంచి వచ్చే మార్గమూ వికారాబాదు వద్ద కలిసి నగరానికి చేరుతాయి. 1948 సెప్టెంబరు తరువాత ఆ జిల్లాల నుంచి ఇల్లూ వాకిలీ, ఇంటి పెద్దనూ పోగొట్టుకున్న కుటుంబాలెన్నో ఈ నగరానికి తరలివచ్చాయి.

నేటి ప్రయాణికుడు స్టేషను వెలుపలికి వచ్చి నిలబడితే అరగంట నడక దూరంలోనే శాసనసభ, హజ్ హౌస్, క్రిమినల్ కోర్టులు, మానవ హక్కుల కమిషన్ కార్యాలయం, ఆబిడ్స్‌లోని పెద్ద తపాలా కార్యాలయం అన్నీ ఉన్నాయి. ఇన్ని ప్రభుత్వ గడపలు ఇంత దగ్గరగా ఉన్న పేటలు అరుదు. యుద్ధంలో ఆయుధం పట్టని మనిషికి అన్యాయం జరిగితే అతని వారసులు వీటిలో ఏ గడప తొక్కాలన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఈ ప్రశ్న నాది కాదు. మా మదర్సాలో హిదాయా గ్రంథంలోని సియర్ అధ్యాయం, అనగా యుద్ధ సంధి నియమాల అధ్యాయం, బోధిస్తున్నప్పుడు స్త్రీలను, పిల్లలను, వృద్ధులను, అంధులను వధించరాదన్న ఆదేశం వచ్చింది. బీదరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, సైన్యం ఈ హుకుం పాటించకపోతే, చనిపోయినవాడి భార్య ఎవరి దగ్గరికి పోవాలి?" అని అడిగాడు. వాళ్ళ ముత్తాతది ఆ ఏటి మరణమే. నిషేధమేమిటో మా పాఠం విశదంగా చెబుతుంది. నిషేధాన్ని అతిక్రమించినవాణ్ణి ఎవరు పిలిచి అడగాలన్నది న్యాయపీఠానికి సంబంధించిన వేరే అధ్యాయం. ఈ రెంటినీ కలిపి చెప్పడం తరగతి గదిలో కన్నా నాంపల్లి వీధిలోనే సులువని నాకు తోచింది. ఒక శుక్రవారం, మదర్సా సెలవు దినాన, ఆ అబ్బాయితో పాటు మరో ఐదుగురిని వెంటబెట్టుకుని ఈ దారిన బయలుదేరాను.

ముందుగా జరిగినదేమిటో చెప్పాలి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17వ తేదీకి నిజాం లొంగిపోయాడు. ఐదు రోజుల ఆ సైనిక చర్యకు ప్రభుత్వం పెట్టిన పేరు పోలీసు చర్య. నిజానికి ప్రాణనష్టంలో అధిక భాగం సైన్యాల నడుమ పోరులో జరిగినది కాదు. పోరు ముగిసే రోజులలోనూ, ముగిసిన తరువాతి వారాలలోనూ, పాలన చెదిరిన పల్లెలలో జరిగింది. ప్రధాని నెహ్రూ ఒక సౌహార్ద బృందాన్ని పంపించారు. పండిత సుందర్‌లాల్ దానికి నాయకుడు. హైదరాబాదులో పయామ్ పత్రికను నడిపిన ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు వారు సంస్థానంలోని 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగారు. 7 జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్య గ్రామాలు చూశారు. తాము వెళ్ళలేకపోయిన 109 గ్రామాల నుంచి వచ్చిన ఐదు వందల మందికి పైగా ప్రజలను విచారించారు.

వారి అంచనా ప్రకారం పోలీసు చర్య కాలంలోనూ ఆ తరువాతా సంస్థానం మొత్తం మీద తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి. హత్యలతో పాటు స్త్రీల అపహరణ, దోపిడి, మసీదుల ఆక్రమణ కూడా ఆ నివేదికలో ఉన్నాయి. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు సైతం పాల్గొన్నారని రాశారు. అదే నివేదికలో మరో మాట కూడా ఉంది. కొన్ని చోట్ల హిందూ నేతపనివారు తమ తోటి ముస్లిం నేతపనివారిని కాపాడారు, ఆ ప్రయత్నంలో తమ ప్రాణాలూ అర్పించారు. అపహృతులైన ముస్లిం స్త్రీలను తిరిగి ఇల్లు చేర్చడానికి అనేకమంది హిందువులు సాయపడ్డారు. నివేదికలోని మరణాల సంఖ్యను మాత్రమే చెప్పి ఈ భాగాన్ని వదిలేసేవారిని నేను చూశాను. అది సాక్ష్యాన్ని సగం దాచడమే.

నివేదిక ప్రభుత్వానికి అందింది. అచ్చుకు మాత్రం రాలేదు. ఉమర్ ఖాలిదీ 1988లో తాను ప్రచురించిన గ్రంథంలో కొన్ని భాగాలు వెలువరించారు. 2013లో ఎ.జి. నూరానీ తన పుస్తకానికి దానిని అనుబంధంగా చేర్చారు. అంటే అప్పటికి అరవై ఐదేళ్ళు గడిచాయి. సుందర్‌లాల్ బృందానికి సాక్షిని రప్పించే అధికారం లేదు, ఎవరినీ శిక్షించే అధికారం లేదు, పరిహారం ఇప్పించే అధికారమూ లేదు. వారు విన్నారు, రాశారు, సమర్పించారు. న్యాయపీఠం చేయవలసిన పనిలో మొదటి మెట్టు మాత్రమే అది.

స్టేషను నుంచి కొద్ది దూరంలో హజ్రత్ యూసుఫ్, హజ్రత్ షరీఫ్‌ల దర్గా ఉంది. యూసుఫైన్ అని ప్రసిద్ధి. సమాధుల వద్ద జరిగే ఆచారాల సంగతి అలా ఉంచితే, వీరి గురించి జనశ్రుతి ఒకటుంది. ఇద్దరూ గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యంలో సిపాయిలట. దండెత్తి వచ్చిన సైన్యంలోని ఇద్దరిని దండయాత్రకు గురైన నగరమే ఇన్ని శతాబ్దాలుగా గౌరవిస్తున్నది. సిపాయి కూడా జనం మన్నన పొందగలడని మా పిల్లలకు చెప్పి ముందుకు నడిచాము.

నాంపల్లి కోర్టుల ముందు ఉదయం పూట నిలబడడానికి చోటుండదు. నల్ల కోట్లు, జామీను కాగితాలు, స్టాంపులు, చెట్టు కింద టైపు యంత్రాలు, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని కొడుకు కోసం ఎదురుచూసే తల్లులు. ఇక్కడ పిల్లలకు నేను చెప్పినది గూర్తూరు కేసు. అది ఈ ఆవరణలో నడవలేదు. వరంగల్ ప్రత్యేక న్యాయమూర్తి ముందు మొదలై, మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు మీదుగా ఢిల్లీ చేరింది. 1947 డిసెంబరులో వరంగల్ సుబేదారు హబీబ్ మహమ్మద్ పోలీసు, సైనిక బలగంతో గూర్తూరు గ్రామం మీదికి వెళ్ళి కాల్పులు జరిపించి, ఇళ్ళు తగలబెట్టించాడని అభియోగం. పోలీసు చర్య తరువాత ఏర్పడిన ప్రత్యేక విచారణ విధానంలో అతనికి మరణశిక్ష పడింది. 1953 అక్టోబరులో సుప్రీం కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. సంఘటనా స్థలంలో ఉన్న ముఖ్య పోలీసు అధికారిని ప్రాసిక్యూషను సాక్షిగా పిలవలేదు. ముద్దాయి కోరిన సాక్షులను విచారించలేదు. అలా విచారణ న్యాయబద్ధం కాదని తేల్చింది.

మా పిల్లలలో ఒకడు దీనిని ముస్లిం అధికారికి దక్కిన విజయంగా భావించి సంతోషించాడు. నేను ఆపాను. గూర్తూరులో కాలిన ఇళ్ళు ఎవరు కాల్చారన్న ప్రశ్నకు ఆ తీర్పుతో జవాబు దొరకలేదు. తప్పుగా నడిచిన విచారణ నిందితుడికే కాదు, బాధితుడికీ అన్యాయం చేస్తుంది. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి తొంభై మందికి అటూ ఇటూగా గ్రామస్థులను చంపారు. ఆ పల్లెవారు మన ధర్మానికి చెందినవారు కారని మన సంతాపం తగ్గితే, సియర్ అధ్యాయం మనం చదవనట్టే లెక్క. ఆ అధ్యాయంలో రక్షణకు అర్హత ఆయుధం పట్టకపోవడమే తప్ప కలిమా చదవడం కాదు.

అయితే ఒక తేడాను గుర్తించక తప్పదు. గూర్తూరు బాధితుల ఫిర్యాదు సుప్రీం కోర్టు దాకా ప్రయాణించింది. చివరకు ఏ ఫలితం వచ్చినా, తారీఖులతో, పేర్లతో, సాక్ష్యాలతో అది న్యాయగ్రంథాలలో నిలిచింది. సుందర్‌లాల్ బృందం ఎదుట మాట్లాడిన వేర్వేరు పల్లెల వారి మాటకు అటువంటి ప్రయాణం లభించలేదు.

కోర్టుల నుంచి ముఅజ్జంజాహీ మార్కెట్ రోడ్డున గాంధీ భవన్ ఎదుటి దిశగా నడిస్తే గృహకల్ప సముదాయం వస్తుంది. మానవ హక్కుల కమిషన్ పేరు చెబితే నగరవాసులకు గుర్తొచ్చే చిరునామా ఇదే. లాకప్పులో దెబ్బలు తిన్నవాడు, ఆసుపత్రిలో వైద్యం అందనివాడు, పింఛను ఆగిపోయిన ముసలమ్మ, ఎవరైనా వకీలు లేకుండానే తెల్ల కాగితం మీద తెలుగులోనో ఉర్దూలోనో రాసి ఇవ్వవచ్చు. రుసుము లేదు. పేదవాడికి ఇంతకన్నా సులభమైన గడప మన రాష్ట్రంలో లేదు. కమిషన్ అధ్యక్ష స్థానం రెండేళ్ళకు పైగా ఖాళీగా ఉండి 2025లో నిండింది. ఖాళీ కుర్చీ ముందు ఎంత సులభమైన ఫిర్యాదైనా ఏమవుతుంది?

కానీ మన ప్రశ్నకు ఈ గడప జవాబు చెప్పలేదు. లోపం అధికారులది కాదు, చట్టానిది. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్ రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితాలలోని విషయాలనే విచారించగలదు. దేశ రక్షణ, సైన్యం కేంద్ర జాబితాలోనివి. ఢిల్లీలోని జాతీయ కమిషన్ సైతం సాయుధ దళాల మీద ఫిర్యాదు వస్తే స్వయంగా విచారించలేదు. కేంద్ర ప్రభుత్వం నుంచి నివేదిక కోరి, సిఫారసు చేయగలదు, అంతే. ఇక 36వ సెక్షను ఉంది. సంఘటన జరిగి ఏడాది దాటితే ఏ కమిషనూ దానిని విచారించరాదు. ప్రాణభయంతో ఊరు విడిచిన విధవరాలికి ఏడాదిలోగా ఇల్లు దొరికితే గొప్ప. ఫిర్యాదు ఎక్కడ రాసుకుంటుంది?

మరొక చట్టం ఉంది. 1949 ఆగస్టు 12న కుదిరిన జెనీవా ఒప్పందాలలో నాలుగవది యుద్ధకాలంలో పౌరుల రక్షణకే ప్రత్యేకించినది. వాటిని అమలు చేయడానికి మన పార్లమెంటు 1960లో చట్టం చేసింది. దాని 17వ సెక్షను ప్రకారం ప్రభుత్వమో, ప్రభుత్వం నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు ఆ నేరాన్ని విచారణకు స్వీకరిస్తుంది. బాధితుడు స్వయంగా వెళ్ళి తలుపు తట్టే వీలు లేదు. ఎవరి సైన్యం మీద ఫిర్యాదో వారి అనుమతితోనే ఫిర్యాదు వెళ్ళాలన్న ఈ ఏర్పాటును మార్చవలసిన అవసరముందని నా నిశ్చితాభిప్రాయం.

గృహకల్ప ఎదుటి కాలిబాట మీద బీదరు అబ్బాయి ఒక గీతల నోటు పుస్తకం కొన్నాడు. వాళ్ళ దాదీ ఆనాడు ఏడేళ్ళ పిల్ల. నేటికీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. బక్రీదు సెలవుల్లో ఆమె వద్ద కూర్చుని రాస్తానన్నాడు. గడులు ఎలా గీయాలో అక్కడే నిలబడి నిర్ణయించాము: పేరు, తండ్రి పేరు, వయసు, చేసే పని, చనిపోయిన చోటు, కళ్ళారా చూసినవారెవరు, విన్నవారెవరు. చూసిన సాక్ష్యాన్నీ విన్న సాక్ష్యాన్నీ విడిగా రాయాలని నేను పట్టుబట్టాను, అది హదీసు విద్య మనకు నేర్పిన పద్ధతి. అదే తాలూకాలో అంతకు ముందు రజాకార్ల చేతిలో మరణించినవారికీ ఒక పేజీ ఉండాలన్నది ఆ అబ్బాయి మాట. చట్టం దృష్టిలో ఆ పుస్తకానికి ఏ విలువా లేకపోవచ్చు. దాదీ ఉన్నప్పుడు రాయకపోతే, రేపు చట్టం మారినా చూపించడానికి ఏమీ ఉండదు.

ముఅజ్జంజాహీ మార్కెట్ గడియారం కింద పిల్లలు ఐస్‌క్రీం తిన్నారు. సీతాఫలం రుచి బాగుందన్నారు. అక్కడి నుంచి ఆబిడ్స్ దగ్గరే. ఆరవ నిజాం కొలువులో ఆర్మీనియా మూలాల ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన అంగడి పేరే ఈ పేటకు మిగిలింది. ఆదివారమైతే ఈ కాలిబాటలన్నీ పాత పుస్తకాలతో నిండి ఉండేవి.

తపాలా కార్యాలయం దాటి గన్‌ఫౌండ్రీ వైపు మళ్ళితే మన ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరైన చోటు వస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ ఆవరణకు తరలకముందు, 1919 నుంచి ఈ గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె భవనాలలోనే నడిచింది. ఆ కాలంలోనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (రహ్మ) ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివారు. 1908లో ఈ నగరంలోనే పుట్టిన ఆయన జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్‌లోనూ డాక్టరేట్లు పొంది తిరిగివచ్చి, ఉస్మానియాలోనే అంతర్జాతీయ న్యాయం బోధించారు. ఇస్లామీయ యుద్ధ సంధి నియమాల మీద ఆంగ్లంలో ఆయన రాసిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధం. దానికి ఆధారమైన మూల గ్రంథాలలో ముఖ్యమైనది ఇమామ్ ముహమ్మద్ షైబానీ (రహ్మ) రచించిన సియర్. దానికి ఇమామ్ సరఖ్సీ (రహ్మ) చెప్పిన వ్యాఖ్యానాన్ని నాలుగు సంపుటాలుగా అచ్చువేసింది ఈ నగరంలోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే, హిజ్రీ 1335 ప్రాంతంలో. అంటే పౌరులను చంపరాదన్న విద్య హైదరాబాదుకు కొత్తది కాదు. పుస్తకం ఇక్కడే అచ్చయింది, పండితుడు ఇక్కడే పాఠం చెప్పాడు. 1948లో పల్లెలను అది కాపాడలేదు. ఎందుకంటే ఆ విద్యను తీర్పుగా మార్చే పీఠం లేదు.

ఆ పీఠం ఎలా ఉండాలో మన చరిత్రలోనే రెండు నమూనాలున్నాయి. మొదటిది దైవప్రవక్త (స) కాలం నాటిది. మక్కా విజయం తరువాత బనూ జజీమా తెగ వద్దకు వెళ్ళిన హజ్రత్ ఖాలిద్ (రజి) దళం చేతిలో చంపకూడనివారు చనిపోయారు. వార్త వినగానే దైవప్రవక్త (స) చేతులెత్తి ఆ పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్ ఎదుట ప్రకటించారు. అంతటితో ఆగక హజ్రత్ అలీ (రజి)ని ధనమిచ్చి పంపారు. ఆయన ప్రతి ప్రాణానికీ, ప్రతి వస్తువుకూ పరిహారం చెల్లించారు, కుక్క నీళ్ళు తాగే తొట్టితో సహా. చివరకు మిగిలిన సొమ్మును కూడా, ఇంకా లెక్కకు రాని నష్టం ఏదైనా ఉండవచ్చునని వారికే ఇచ్చివేశారు. తప్పు తన సేనది, వెతుక్కుంటూ వెళ్ళి చెల్లించినవాడూ తన మనిషే. బాధితులు మదీనా దాకా రావలసిన పని లేకపోయింది.

రెండవది సమర్‌ఖండ్ ఉదంతం. బలాజురీ దీనిని తన చరిత్రలో నమోదు చేశాడు. ఖుతైబా సేనాని ఒప్పందాన్ని మీరి తమ నగరాన్ని మోసంతో ఆక్రమించాడని ఆ పట్టణ ప్రజలు, తరువాత ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ)కు మొరపెట్టుకున్నారు. ఖలీఫా తానే తీర్పు చెప్పవచ్చు. అలా చేయలేదు. ఫిర్యాదు వినడానికి అక్కడే ఒక ఖాజీని నియమించమని తన అధికారికి రాశారు. ఓడినవారు వాదులు, గెలిచిన సైన్యం ప్రతివాది. సైన్యం నగరం విడిచి తన గుడారాలకు వెళ్ళాలని, సంధో పోరో మళ్ళీ మొదటి నుంచి సమాన స్థాయిలో తేల్చుకోవాలని ఖాజీ తీర్పు చెప్పాడు. మళ్ళీ యుద్ధం వద్దనుకున్న పట్టణవాసులు ఉన్న స్థితికే సమ్మతించారు. మన సంస్థానంలో ఆ నాడు లేనిది సరిగ్గా ఇదే: సేనానికి లోబడని ఖాజీ, బాధితుడి ఊరికి దగ్గరలో.

నేటి ప్రపంచంలో దీనికి దగ్గరగా వచ్చినవి ప్రాంతీయ న్యాయస్థానాలు. ఐరోపా దేశాలకు 1959 నుంచి స్ట్రాస్‌బర్గ్‌లో, అమెరికా ఖండాల దేశాలకు 1979 నుంచి కోస్టారికాలోని శాన్ హోసేలో, ఆఫ్రికాకు టాంజానియాలోని అరూషాలో మానవ హక్కుల న్యాయస్థానాలున్నాయి. 2000 ఫిబ్రవరిలో రష్యా విమానాలు చెచెన్యాలోని కతీర్-యూర్త్ గ్రామం మీద బాంబులు కురిపించాయి. పారిపోతున్న ఒక ముస్లిం తల్లి తన కొడుకునూ, ముగ్గురు మేనకోడళ్ళనూ కోల్పోయింది. ఆమె ఫిర్యాదు మీద 2005లో స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం రష్యాను దోషిగా నిలిపింది. కొలంబియాలోని సాంటో డొమింగో గ్రామం మీద 1998లో ఆ దేశపు వైమానిక దళమే వేసిన బాంబులకు 17 మంది పౌరులు మరణించగా, 2012లో శాన్ హోసే న్యాయస్థానం తీర్పిచ్చింది. ఈ తీర్పులు ఆలస్యంగా వచ్చాయి, చనిపోయినవారిని తేలేదు, పైగా రష్యా 2022లో ఆ ఒప్పందం నుంచే వైదొలగింది. అయినా ఒక పల్లె తల్లి ఒక మహారాజ్యాన్ని పేరుపెట్టి పిలిచింది, ఆ రాజ్యం వకీలును పంపి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఆసియా ఖండానికి అటువంటి న్యాయస్థానం లేదు. దక్షిణాసియా దేశాల సార్క్ కూటమికి లేదు. ముస్లిం దేశాల సహకార సంస్థ 1987లో కువైట్ సమావేశంలో ఒక అంతర్జాతీయ ఇస్లామీయ న్యాయస్థానానికి నియమావళిని ఆమోదించింది. తగినన్ని దేశాలు సంతకాలు ధ్రువీకరించనందున నేటికీ అది కాగితం మీదే ఉంది. సమర్‌ఖండ్ కథను వేదికల మీద గర్వంగా చెప్పే ప్రభుత్వాలు తమ సైన్యాల మీద ఖాజీని నియమించుకోవడానికి వెనుకాడుతున్నాయి. ఇతరులను తప్పుపట్టే ముందు మనవారు ఈ సంతకం సంగతి చూడాలి.

1948 సెప్టెంబరు 16న పారిస్‌లోని శైయో భవనంలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి హైదరాబాదు వ్యవహారాన్ని చర్చకు తీసుకుంది. నిజాం ప్రభుత్వం పంపిన ప్రతినిధి వర్గంలో డాక్టర్ హమీదుల్లా ఉన్నారు. మరునాటికే పంపిన ప్రభుత్వం లేకుండా పోయింది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు, దశాబ్దాల పాటు అక్కడే గ్రంథాలు రాశారు, ఖుర్ఆన్‌ను ఫ్రెంచిలోకి అనువదించారు, 2002లో అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాదులో మళ్ళీ నివాసం ఏర్పరచుకోలేదు. మూడు నెలలు తిరగకుండానే అదే శైయో భవనంలో, డిసెంబరు 10న, విశ్వ మానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందింది. ఆ రోజున సుందర్‌లాల్ బృందం ఇంకా మన జిల్లాల పర్యటనలోనే ఉంది.

గన్‌ఫౌండ్రీలో ఆ అద్దె భవనాల జాడ చెప్పే పలక ఏదీ నా కంటపడలేదు. బ్యాంకులు, బస్సులు, ఆటోల రద్దీ. జుమా వేళ సమీపించడంతో పబ్లిక్ గార్డెన్స్‌లోని షాహీ మసీదుకు చేరడానికి మళ్ళీ నాంపల్లి వైపే ఆటో ఎక్కాము.